నాలుగుసార్లు టైఫాయిడ్: దేవరకొండ వైపు నుంచి ఒక కేసు

జనవరి చివరి వారం. ఓపీలో నా ముందు కూర్చోగానే ఆమె ఒళ్లో ఉన్న పాలిథీన్ కవర్ విప్పి కాగితాలు టేబుల్ మీద పరిచింది. "మళ్ల టైఫాయిడ్ తిరగబెట్టింది సారూ. ఇది నాలుగోసారి" అంది. వెనక నిలబడ్డ భర్త, "ఎన్ని సూదులేసినా మొత్తం పోతలేదు సారూ" అన్నాడు.

ఆమె పేరు యాదమ్మ అనుకుందాం. వయసు 32. దేవరకొండ దగ్గరి ఊరు. ఇద్దరు పిల్లలు, రెండెకరాల కౌలు, సీజన్‌లో పత్తి ఏరే కూలి. పేరు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాయడానికి ఆమె, భర్త ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను జనరల్ ఫిజీషియన్‌ని. ఈ ప్రాంతంలో ప్రాక్టీసు మొదలుపెట్టినప్పటి నుంచి వారంలో ఒక్క రోజు కూడా "టైఫాయిడ్ రిపోర్టు" చూడకుండా గడవలేదు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. పరీక్ష తప్పు చెప్పిందని కాదు, పరీక్ష చెప్పినదాన్ని మేమందరం తప్పుగా చదివాం. అందులో నేనూ ఉన్నాను.

అంతకు రెండు వారాల ముందు, సంక్రాంతి అయిపోగానే, ఆమె ఒకసారి నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఓపీ బాగా రద్దీ. ఫైల్ చూశాను, మూడు రిపోర్టులూ పాజిటివ్ అని ఉన్నాయి. అంతకుముందు వాడిన మందు పని చేయలేదనుకుని, వేరే యాంటీబయాటిక్ ఐదు రోజులకు రాసి పంపాను. ఎక్స్‌రే రాయలేదు. బరువు చూడలేదు. ఆ రెండు వారాలు ఆమెకు నా వల్ల పోయినవే.

రెండోసారి వచ్చినప్పుడు పెన్ను పక్కన పెట్టి మొదటి నుంచి అడిగాను.

జ్వరం దీపావళి దాటాక మొదలైంది. పొద్దంతా బాగానే ఉంటుంది. "పొద్దుగూకంగనే ఒళ్లు వెచ్చగైతది సారూ. రాత్రి చెమట పట్టి జాకెట్టంత తడుస్తది." ఆకలి లేదు. దగ్గు ఉందా అంటే, "దగ్గు మామూలే సారూ, పత్తి దుమ్ముకొస్తది" అంది. ఎప్పటి నుంచి అంటే, "పత్తి మొదలువెట్టినప్పటి సంది" అంది. బరువు తగ్గావా అని అడిగితే ఆమె చెప్పిన జవాబు నేను మర్చిపోలేను. కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి చేను దగ్గర కాంటా ఉంటుంది. సీజన్ మొదట్లో ఆడవాళ్లంతా సరదాగా ఆ కాంటా మీద నిలబడి చూసుకున్నారట. అప్పుడు ఈమె 49 కిలోలు. మా ఓపీలో ఆ రోజు 42. మూడు నెలల్లో ఏడు కిలోలు పోయాయి. ఆ ఏడు కిలోలు ఏ రిపోర్టులోనూ లేవు.

ఇప్పుడు రిపోర్టుల సంగతి. నాలుగూ టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ అనే రక్తపరీక్షవే. అంకెల అర్థం కాసేపట్లో చెబుతాను. మొదటిది జ్వరం వచ్చిన మూడో రోజున చేయించింది: 'ఓ' 1:80, 'హెచ్' 1:160. కింద ఎర్ర అక్షరాల్లో పాజిటివ్. రెండోది నవంబర్ చివర్లో, అవే అంకెలు. మూడోది డిసెంబర్‌లో: 'ఓ' 1:160, 'హెచ్' 1:160. "పెరిగింది" అని దాని పక్కన ఎవరో పెన్నుతో రాశారు. నాలుగోది నా దగ్గరికి వచ్చే ముందు రోజుది: మళ్లీ 'ఓ' 1:80, 'హెచ్' 1:160.

ప్రతిసారీ మందులు పడ్డాయి. ఒకసారి ఓఫ్లాక్సాసిన్, ఒకసారి సెఫిక్సిమ్, ఒకసారి ఏడు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు, తర్వాత నేను రాసింది. ఓఫ్లాక్సాసిన్ వాడినప్పుడు జ్వరం బాగా తగ్గి పది పన్నెండు రోజులు మళ్లీ పనికి పోయిందట. అప్పుడు అందరికీ నమ్మకం కుదిరింది, ఇది టైఫాయిడే అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

వైడాల్ ఏం చూస్తుంది

వైడాల్ పరీక్ష 1896 నాటిది. ఫ్రాన్స్ డాక్టర్ వైడాల్ పేరు మీద వచ్చింది. ఇది రక్తంలో టైఫాయిడ్ క్రిమిని వెతకదు. ఆ క్రిమికి వ్యతిరేకంగా మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను వెతుకుతుంది. 'ఓ' అంటే క్రిమి ఒంటి మీది పదార్థానికి, 'హెచ్' అంటే దాని తోకలాంటి భాగానికి తయారైనవి.

మా ల్యాబ్‌లో చేసే పద్ధతి చెబుతాను, చాలాచోట్ల ఇదే. గాజు పలక మీద గుండ్రటి గదులుంటాయి. ఒక్కో గదిలో సీరం కొంచెం కొంచెం తగ్గిస్తూ వేస్తారు: 80 మైక్రోలీటర్లు, 40, 20, 10, 5. అన్నిట్లో ఒక్కో చుక్క యాంటిజెన్ ద్రవం (చంపిన టైఫాయిడ్ క్రిములు ఉండే ద్రవం) కలిపి, పలకను ఒక నిమిషం మెల్లగా అటూ ఇటూ ఊపుతారు. యాంటీబాడీలు ఉంటే పాలు విరిగినట్టు సన్నటి పలుకులు కడుతుంది. 20 వేసిన గదిలో పలుకులు కట్టి 10 వేసిన గదిలో కట్టకపోతే 1:80 అంటారు. 10లో కూడా కడితే 1:160.

ఆ పలుకులను చూసేది మనిషి కన్ను. వెలుతురు తక్కువైనా, నిమిషం దాటి చూసినా, ఒక గది అటూ ఇటూ అవుతుంది. అందుకే ఒక్క మెట్టు తేడాను, అంటే 80 నుంచి 160కి పోవడాన్ని, పెరుగుదల కింద లెక్కపెట్టకూడదు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, రెండు నమూనాలనూ పక్కపక్కన చేసినప్పుడు నాలుగు రెట్లు పెరిగితేనే దానికి అర్థం ఉంది. యాదమ్మ మూడో రిపోర్టు పక్కన పెన్నుతో రాసిన "పెరిగింది" అన్న మాట, నిజానికి ల్యాబ్‌లో కంటి తేడా అంతే.

ఇంకో సంగతి తేదీల్లోనే ఉంది. టైఫాయిడ్ వస్తే 'ఓ' యాంటీబాడీలు కనిపించడానికి ఇంచుమించు వారం పడుతుంది, 'హెచ్'కి ఇంకా ఎక్కువ. ఆమెకు మూడో రోజుకే 'హెచ్' 1:160 ఉంది. అంటే అవి ఈ జ్వరానికి పుట్టినవి అయ్యే అవకాశం చాలా తక్కువ. ఎప్పుడో చిన్నప్పుడు తగిలిన క్రిమికి పుట్టి, ఒంట్లో ఉండిపోయినవి. 'హెచ్' నెలలు, ఏళ్లు ఉండిపోతుంది. దగ్గరి చుట్టాలైన వేరే క్రిములు తగిలినా, మలేరియా లాంటి వేరే జ్వరాలు వచ్చినా ఈ యాంటీబాడీలు పైకి లేస్తాయి.

ఆ రోజు సాయంత్రం మా ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగి నా రక్తానికి కూడా వైడాల్ చేయించుకున్నాను. నాకు జ్వరం లేదు, మందులు వాడటం లేదు. నా 'ఓ' 1:80. మా ప్రాంతంలో నీళ్లు తాగి పెరిగిన ఆరోగ్యవంతుడి రక్తంలో ఇది మామూలే. అదే కాగితం కవర్లో పెట్టుకుని ఊళ్లో ఎవరి దగ్గరికి వెళ్లినా నాకూ టైఫాయిడ్ మందులు పడేవి.

వెయ్యి మంది జ్వరగాళ్లు

ఇక్కడ లెక్క చేయాలి. ఈ లెక్కకు మూలం థామస్ బేస్ అనే ఇంగ్లండ్ మతబోధకుడి వ్యాసం, అతను చనిపోయాక 1763లో అచ్చయింది. సూత్రం రాయను. మనుషులను లెక్కపెడితే చాలు.

ఒక పరీక్ష గురించి రెండు ప్రశ్నలు ఉంటాయి. జబ్బున్న వందమందిలో ఎంతమందిని పట్టుకుంటుంది? ఇది సెన్సిటివిటీ. జబ్బు లేని వందమందిలో ఎంతమందిని సరిగా వదిలేస్తుంది? ఇది స్పెసిఫిసిటీ. వైడాల్‌కి ఈ అంకెలు ఊరిని బట్టి, ఏ మెట్టును పాజిటివ్ అనుకుంటామన్నదాన్ని బట్టి బాగా మారతాయి. లెక్క కోసం 70, 80 అనుకుందాం. వినడానికి చెడ్డ అంకెలు కావు.

పల్లెల నుంచి జ్వరంతో వచ్చిన వెయ్యి మందిని తీసుకోండి. అన్ని రకాల జ్వరాలూ కలిపి. అందులో నిజమైన టైఫాయిడ్ 20 మంది అనుకుందాం. ఇది కూడా లెక్క కోసమే. ఆ 20 మందిలో 14 మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 980 మందికి టైఫాయిడ్ లేదు, కానీ వాళ్లలో నూటికి 20 మంది చొప్పున 196 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్ రిపోర్టులు 210. అందులో నిజం 14. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న పదిహేను మందిలో ఒక్కరికే టైఫాయిడ్. మిగతా పద్నాలుగు మందికి వేరే జ్వరం, మందు మాత్రం టైఫాయిడ్‌ది.

అదే పరీక్ష, అదే ల్యాబ్, కానీ టైఫాయిడ్ బాగా పాకుతున్న చోట చేశామనుకోండి. వెయ్యి జ్వరాల్లో 200 టైఫాయిడే అనుకుంటే 140 నిజం పాజిటివ్‌లు, 160 ఉత్త పాజిటివ్‌లు. ఇప్పుడు ఇంచుమించు సగం నిజం. పరీక్ష మారలేదు, పరీక్షకు ముందు ఉన్న అవకాశం మారింది. "రిపోర్టు పాజిటివా నెగటివా" అన్న ప్రశ్నకు ముందు "ఇక్కడ, ఈ మనిషికి, ఈ జబ్బు ఉండే అవకాశం ఎంత" అన్న ప్రశ్న అడగకపోతే రిపోర్టుకు అర్థమే లేదు.

ఈ తేడా ఊహ కాదు. 2017 నుంచి 2020 వరకు ఢిల్లీ, కోల్‌కతా, వెల్లూరు, పుణె దగ్గరి పల్లె ప్రాంతంలో పిల్లలను వెంబడించి, రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, తేలిన టైఫాయిడ్‌ను లెక్కపెట్టారు. లక్ష మంది పిల్లలను ఏడాది పాటు గమనిస్తే పట్టణాల్లో 576 నుంచి 1173 కేసులు. పుణె పల్లెల్లో 35. ఒకే దేశం, ఒకే కాలం, అయినా ఎన్నో రెట్ల తేడా. పట్టణపు బస్తీలో ఉపయోగపడిన అంచనాను పల్లెకు తెచ్చి పెడితే ఏమవుతుందో ఈ అంకెల్లో ఉంది.

ఒకే సాక్షి నాలుగుసార్లు

యాదమ్మ భర్త ఒక మంచి ప్రశ్న అడిగాడు. "ఒక్కసారైతే తప్పనుకుందం సారూ. నాలుగుసార్లు అదే వచ్చింది గదా?"

నిజంగా తెలివైన ప్రశ్న. చాలామంది డాక్టర్లు కూడా ఇక్కడే పడతారు. జబ్బు లేని మనిషికి ఒకసారి ఉత్త పాజిటివ్ వచ్చే అవకాశం ఐదింట ఒకటి అనుకున్నాం. నాలుగుసార్లు రావాలంటే ఐదును నాలుగుసార్లు హెచ్చించి 625లో ఒకటి కావాలి కదా? అంత తక్కువ అవకాశం కాబట్టి ఇక టైఫాయిడే అని మనసు చెబుతుంది.

ఆ హెచ్చింపు ఎప్పుడు చెల్లుతుందంటే, ప్రతి పరీక్షా ముందుదానితో సంబంధం లేకుండా తప్పు చేసినప్పుడు. నాణెం నాలుగుసార్లు ఎగరేసినట్టు. ఇక్కడ తప్పుకు కారణం ఆమె రక్తంలోనే ఉంది. పాత యాంటీబాడీలు నవంబర్‌లోనూ ఉన్నాయి, డిసెంబర్‌లోనూ ఉన్నాయి, జనవరిలోనూ ఉన్నాయి. ఎన్నిసార్లు సూది గుచ్చినా అవే బయటికొస్తాయి. ఆయనకు ఇలా చెప్పాను: "ఊళ్లో గొడవైంది. నలుగురు సాక్షులు వచ్చి ఒకే మాట చెబితే పెద్దమనుషులు నమ్ముతారు. ఒకే మనిషి నాలుగుసార్లు వచ్చి అదే మాట చెబితే అది నాలుగు సాక్ష్యాలైతదా?" ఆయన కాసేపు ఆలోచించి, "కాదు, ఒక్కటే" అన్నాడు. నాకు కాలేజీలో ఈ సంగతి అర్థం కావడానికి ఇంతకన్నా ఎక్కువ సమయం పట్టింది.

నాలుగు రిపోర్టులు తీసి పక్కన పెడితే మిగిలింది ఇది: మూడు నెలల సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, ఏడు కిలోలు, పత్తి దుమ్ము లెక్కలో పోయిన దగ్గు. మందు వేయకపోయినా టైఫాయిడ్ మూడు నెలలు ఇలా సాగడం అరుదు. టీబీ అలాగే సాగుతుంది. మన దేశంలో 2019 నుంచి 2021 వరకు చేసిన సర్వేలో పదిహేనేళ్లు దాటిన లక్ష మందిలో 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఈ లక్షణాలన్నీ ఉన్న మనిషికి అవకాశం దీనికి ఎన్నో రెట్లు. పరీక్షలు రాసే ముందు కేస్ షీట్ మీద అంకె రాసుకున్నాను: "టీబీ, నూటికి 40". అంచనానే. కానీ రాసుకున్న అంచనాను తర్వాత సరిదిద్దుకోవచ్చు, మనసులో ఉంచుకున్నదాన్ని మనకు తెలియకుండానే మార్చేస్తాం. అప్పటి నుంచి దీర్ఘ జ్వరం కేసులన్నిటికీ ఇలా అంకె రాయడం అలవాటు చేసుకున్నాను.

నెగటివ్ వచ్చింది, అయినా

అదే రోజు ఎక్స్‌రే తీయించాను, తెమడ నాట్ పరీక్షకు పంపాను. నాట్ అంటే యాంటీబాడీ కాదు, టీబీ క్రిమి జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మసక నీడ ఉంది. టీబీ ఇష్టపడే చోటు అది. మర్నాడు నాట్ ఫలితం వచ్చింది: నెగటివ్.

ఫోన్లో భర్త గొంతులో సంతోషం. "టీబీ లేదంట గదా సారూ." ఇక్కడ ఫైల్ మూసేసి ఉంటే ఆమె ఐదోసారి వైడాల్‌కి పోయేది.

మళ్లీ లెక్క. ఈ రకం పరీక్షల్లో ఎక్కువగా పరిశీలించిన ఎక్స్‌పర్ట్ అనే పరీక్షకి, చాలా అధ్యయనాలు కలిపి చూస్తే, సెన్సిటివిటీ 85 శాతం, స్పెసిఫిసిటీ 98 శాతం. వైడాల్ కన్నా చాలా మంచి పరీక్ష. అయినా టీబీ ఉన్న వందలో పదిహేను మందిని వదిలేస్తుంది. ఎక్స్‌రే లేకుండా నా 40 దగ్గరే ఉన్నామనుకోండి. అలాంటి వెయ్యి మందిలో 400 మందికి టీబీ, 60 మంది తప్పించుకుంటారు. టీబీ లేని 600లో 588 మందికి నెగటివ్. నెగటివ్ వచ్చిన 648 మందిలో టీబీ ఇంకా 60 మందికి. నూటికి తొమ్మిది.

కానీ ఎక్స్‌రే చూశాక నా అంచనా 70కి పోయింది. ఇప్పుడు వెయ్యిలో 700 మందికి టీబీ. 105 మంది తప్పించుకుంటారు. టీబీ లేని 300లో 294 మందికి నెగటివ్. నెగటివ్ వచ్చిన 399 మందిలో 105 మందికి టీబీ ఉంది. నూటికి ఇరవయ్యారు. అదే నెగటివ్ కాగితం, ఒకచోట తొమ్మిది, ఒకచోట ఇరవయ్యారు. నూటికి ఇరవయ్యారు ఉన్న మనిషిని, అదీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్న మనిషిని, "టీబీ లేదు" అని ఇంటికి పంపకూడదు.

దీన్ని తిప్పి చూడండి. జ్వరమూ దగ్గూ లేని లక్ష మందికి, పైన చెప్పిన 316 లెక్కనే పట్టుకుని, నేరుగా నాట్ చేశామనుకుందాం. టీబీ ఉన్న 316లో దాదాపు 269 మంది దొరుకుతారు. లేనివాళ్లలో రెండు శాతం అంటే దాదాపు 1,994 మందికి ఉత్త పాజిటివ్. పాజిటివ్ వచ్చిన నూటికి పన్నెండు మందికే జబ్బు. ఊరూరా క్యాంపుల్లో ముందు లక్షణాలు అడిగి, ఎక్స్‌రే తీసి, అనుమానం ఉన్నవాళ్ల తెమడే నాట్‌కి పంపడం వెనక ఉన్నది ఈ లెక్కే. ముందు వడపోతలో అవకాశం పెరుగుతుంది, ఆ తర్వాత చేసే పరీక్షకు బలం వస్తుంది. అదే సర్వేలో ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే 42.6 శాతం టీబీ కేసులు దొరికేవి కావని తేలింది. దగ్గును పత్తి దుమ్ము లెక్కలో వేసుకునే యాదమ్మలు అందులో ఎంతమందో.

రెండో తెమడ పరీక్ష ఎందుకు చేయించానో చెప్పాలి. వైడాల్ నాలుగుసార్లు చేయడం దండగన్నాను, మరి నాట్ రెండోసారి ఎందుకు? మొదటి డబ్బా ఎలా ఉందని టెక్నీషియన్‌ను అడిగితే, "నురగ నురగగా ఉంది సార్, ఉమ్ములాగే ఉంది" అన్నాడు. పరీక్ష తప్పడానికి కారణం దొరికింది, దాన్ని మార్చవచ్చు. యాదమ్మకు నర్సు చూపించింది: పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, పట్టి ఉంచి, గుండెల్లోంచి దగ్గి తీయాలి. మర్నాడు తెచ్చిన డబ్బాలో చిక్కటి పచ్చటి తెమడ. నాట్ పాజిటివ్. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగే రకం. తప్పుకు కారణం మారినప్పుడు మళ్లీ చేస్తే కొత్త సాక్షి వచ్చినట్టు.

షుగర్, హెచ్ఐవీ పరీక్షలు మామూలుగా ఉన్నాయి. టీబీ రోగులను నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కించారు, ఆరు నెలల మందులు మొదలయ్యాయి. పోషణ కోసం నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి, 2024 నవంబర్ ముందు అది ఐదు వందలే.

ఆర్‌ఎంపీ అన్నతో మాట

మొదటి మూడు వైడాల్ రాసిన ఆర్‌ఎంపీ నాకు తెలిసినవాడే, నాకన్నా పెద్దవాడు. అర్ధరాత్రి పిలిస్తే బండి మీద వచ్చేది ఆ ఊళ్లో ఆయనొక్కడే. ఆయన్ను తప్పుపట్టడానికి కాదు, చెప్పకపోతే రేపు ఇంకో యాదమ్మ వస్తుందని ఫోన్ చేశాను. ఆయన నొచ్చుకున్నాడు. "టెస్టు పెట్టిన, పాజిటివ్ వచ్చింది, మందిచ్చిన, జరం తగ్గింది. నా తప్పేంది సార్?"

ఆయన మాటలోనే అసలు చిక్కు ఉంది. వైరల్ జ్వరాలు నాలుగైదు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. పాజిటివ్ వచ్చిన పదిహేను మందిలో పద్నాలుగు మందికి టైఫాయిడ్ లేకపోయినా, చాలామందికి జ్వరం తగ్గుతుంది. ఆయన కళ్లకు అది మందు గొప్పతనం, టెస్టు నిజం. ఇరవయ్యేళ్లుగా ఆయనకు ఎవరూ "తప్పైంది" అని చెప్పే అవకాశం లేదు, ఎందుకంటే తగ్గినవాళ్లు తిరిగి రారు, తగ్గనివాళ్లు నల్గొండకో హైదరాబాద్‌కో పోతారు.

"మరి ఓఫ్లాక్సాసిన్‌కి ఈమె జరం తగ్గింది గదా అన్నా" అని నేనే ఆయన తరఫున అడిగాను. ఓఫ్లాక్సాసిన్ జాతి మందులు టీబీ క్రిమి మీద కూడా కొంత పని చేస్తాయి. ఒక్క మందే కొన్ని రోజులు వాడితే టీబీ తగ్గదు, అణుగుతుంది. మనిషి పనికి పోతాడు, జబ్బు లోపల పెరుగుతుంది, తెమడలో క్రిమి దొరకడం కష్టమవుతుంది, ఆ జాతి మందులకు క్రిమి మొండిపడే ప్రమాదం కూడా ఉంది. యాదమ్మకు తగ్గిన ఆ పది పన్నెండు రోజులు టైఫాయిడ్‌కి రుజువు కాదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఈ సంగతి నాకెవ్వరు చెప్పలే సార్" అన్నాడు చివరికి.

ఇద్దరం కలిసి అనుకున్నవి కొన్నే. జ్వరం ఐదు రోజుల లోపైతే వైడాల్ రాయొద్దు. రెండు వారాలు దాటిన ఏ జ్వరానికైనా, దగ్గు లేదన్నా సరే, బరువు చూసి ఎక్స్‌రేకి, తెమడకి పంపాలి. నిజంగా టైఫాయిడ్ అనుమానమైతే యాంటీబయాటిక్ పడకముందే రక్తం కల్చర్‌కి తీయాలి. ఆయన చివరిదానికి ఒప్పుకోవడం కష్టమైంది, కల్చర్‌కు ఖర్చు, రోజులు రెండూ ఎక్కువ. నిజమే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కల్చర్ కూడా టైఫాయిడ్ ఉన్న పదిమందిలో ఆరుగురినే పట్టుకుంటుంది.

టైఫాయిడ్ లేదని నేను అనడం లేదు. ఆ నెలలోనే ఒక హాస్టల్ పిల్లవాడిని తీసుకొచ్చారు, ఐదు రోజులుగా దిగని జ్వరం, నాలుక మీద తెల్లటి పూత, పక్క మంచాల పిల్లలు ఇద్దరికి అదే వరస. అందరూ తాగేది ఒకే సంపు నీళ్లు. వైడాల్ నెగటివ్. అక్కడ నా అంచనా ఎక్కువ, కాబట్టి నెగటివ్‌ను నమ్మలేదు. కల్చర్ తీసి మందు మొదలుపెట్టాను, మూడో రోజు క్రిమి పెరిగింది. పాజిటివ్‌ను నమ్మని చేత్తోనే నెగటివ్‌నూ నమ్మలేదు. రెండింటికీ లెక్క ఒకటే.

యాదమ్మ ఇంట్లో అందరినీ చూశాం. అత్తకు, భర్తకు ఎక్స్‌రే బాగుంది. చిన్నదానికి, ఆరేళ్ల పాపకు, డిసెంబర్‌లో "టైఫాయిడ్" అని మందు వాడిన చీటీ ఒకటి బయటపడింది. ఆ చీటీ చూసి నాకు గుండె ఆగినంత పనైంది. పాప బరువు, ఎక్స్‌రే, అన్నీ బాగున్నాయి. పిల్లలిద్దరికీ టీబీ రాకుండా ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టాం.

రెండు వారాలకు సాయంత్రపు జ్వరం ఆగింది. రెండు నెలలకు బరువు 46. మూడో నెలలో, ఆమెకు జ్వరం లేదు, దగ్గు లేదు, అన్నం బాగా తింటోంది, అప్పుడు ఆమెను అడిగి మా ల్యాబ్‌లో ఒక వైడాల్ చేయించాను, డబ్బు తీసుకోకుండా. టెక్నీషియన్ పలకను కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని నన్ను పిలిచాడు. 20 గదిలో పలుకులు కట్టింది, 10 గదిలో కట్టలేదు. 'ఓ' 1:80. 'హెచ్' 1:160. నవంబర్‌లో, జ్వరం వచ్చిన మూడో రోజున వచ్చిన అంకెలే.

యాదమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసింది. "అంటే ఇది నా ఒంట్లె ఎప్పటికి ఇట్లనే ఉంటదా సారూ?" అంది. చాలాకాలం ఉండొచ్చు, దానివల్ల నీకేం కాదు అన్నాను. మడిచి, పాత నాలుగింటితో పాటు అదే పాలిథీన్ కవర్లో పెట్టుకుంది. మాత్రలు ఇంకా మూడు నెలలున్నాయి. జూన్‌లో పత్తి విత్తనాలు పెట్టేటప్పుడు ఇంకా మింగుతూ ఉంటుంది, ఏరే నాటికి అయిపోతాయి.